ఇటుకల కింది వార్త

యాంజమ్మ చదువుతూ చదువుతూ ఆగింది. వేలు మాత్రం పత్రిక మీదనుంచి తియ్యలేదు.

"ఏమే, గొంతు పట్టేసిందా?" అంటూ గాంగ్వా ముసలమ్మ వేడినీళ్ళ గిన్నె ముందుకు తోసింది.

"గొంతు కాదక్కా. నలుపు."

"ఇవాళ కూడానా! ఈ లెక్కన రోజూ ఇన్ని ఇటుకలు తెచ్చుకుంటే చలికాలం లోపల మనందరం కొత్త పొయ్యిలు కట్టుకోవచ్చు."

గదిలో ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ళు నవ్వారు. యాంజమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు పెదాల దాకా రాలేదు. పత్రికలో వరసలు పైనుంచి కిందికి జారుతాయి. ఆ జారే వరసల్లో అక్షరాలుండాల్సిన చోట నల్లటి చిన్న చిన్న పలకలు, ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. సర్కారు తీసెయ్యమన్న మాటల సీసపు అక్షరాల్ని అచ్చులో తలకిందులుగా తిప్పి పెడితే అక్షరం ముఖం బదులు దాని మడమ అచ్చు పడుతుంది. వీధి వీధంతా వాటిని ఇటుకలనే పిలుస్తోంది.

వార్త మొదట్లో మూడు మాటలు వదిలారు. "చుంగ్‌చాంగ్ కొండసీమ నుంచి." ఆ తర్వాత మూడు వరసలు ఇటుకలు. చివర్లో మళ్ళీ రెండు మాటలు మిగిలాయి. "చలి ముదరకముందే."

చుంగ్‌చాంగ్ కొండల్లోనే బాంనెగోల్ ఉంది. బాంనెగోల్‌లోనే యాంజమ్మ కూతురు దల్లె ఉంది. ఎండలు తగ్గినప్పటినుంచీ ఆ పిల్ల దగ్గర్నుంచి కబురు లేదు.

"చలి ముదరకముందే ఏమిటంట?" అంది గాంగ్వా ముసలమ్మ. ఆవిడ తెల్లారగట్ల తోఫు అమ్ముకుని, మధ్యాహ్నం బుట్ట బోర్లించి ఇక్కడికి వస్తుంది. చదువు రాదు. వచ్చినవాళ్ళందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది.

"రాయలేదు."

"రాసే ఉంటారు. మనకి చూపించలేదు. పెళ్ళికూతుర్ని చూడ్డానికెళితే మేనా చూపించి పంపినట్టుంది యవ్వారం."

మళ్ళీ నవ్వులు. నవ్వనిది ఒక్క పాజు పిల్ల. గుమ్మం పక్కన, అందరికీ కాస్త ఎడంగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచుంది. ఇరవై దాటి ఎక్కువ కాలేదు. మొగుడు పోలీసు. పంట పండగ కాగానే ఏదో పని మీద పంపారని చెప్పుకుంటుంది, ఎక్కడికో చెప్పదు. ఆమె గదిలోకి అడుగుపెడితే చాలు, గాంగ్వా ముసలమ్మ తప్ప అందరి మాటలూ క్యాబేజీల మీదికీ ముల్లంగుల లావు మీదికీ జారిపోయేవి. రావద్దని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. పోలీసు పెళ్ళాన్ని గుమ్మంలోంచి పంపిస్తే పోలీసు వస్తాడు.

"అత్తా," అంది పాజు పిల్ల. ఆ పిల్ల నోరు విప్పేసరికి అందరూ నీళ్ళగిన్నెల్లోకి చూశారు. "ఆ నల్లదాని కింద ఏముందో తెలుసుకోడానికి ఏ దారీ లేదా?"

యాంజమ్మ పత్రిక ఒళ్ళోకి లాక్కుంది. తన కొడుకు హక్‌సు అచ్చాఫీసులో అక్షరాలు ఏరే పనివాడని ఈ పిల్లకి తెలుసు. ఇది అమాయకంగా అడిగిన మాటా, అడగమంటే అడిగిన మాటా?

"మాకెట్లా తెలుస్తుందమ్మా," అంది. "మనకి చదవమని ఇచ్చింది చదువుకోడం, ఇవ్వనిది వదిలెయ్యడం."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. యాంజమ్మ కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. కొడుకు రావడం కాస్త ఆలస్యమైతే ట్రాము కింద పడ్డాడనుకుంటుంది. కుక్క మొరిగితే ఇంటిమీదికి మనుషులొస్తున్నారనుకుంటుంది. వీధిలో దీన్ని ఎగతాళి చేసేవాళ్ళు. ఈ ఏడు ఎగతాళి తగ్గింది. ఆమె అనుకున్నవి ఎవరో ఒకరి ఇంట్లో నిజంగానే జరుగుతున్నాయి.

పత్రిక మడిచి పీట కింద పెట్టి, పని ముందుకు లాక్కుంది. ఉతికి గంజి పెట్టిన బట్టని సగం తడిగా ఉండగానే మడతపెట్టి, గుడ్డలో చుట్టి, నున్నటి రాతిమీద పెట్టి రెండు చేతుల్తో రెండు కర్రలు పట్టుకుని కొట్టాలి. కొట్టగా కొట్టగా ముడతలు పోయి, నూలుబట్ట కూడా పట్టులా మెరుస్తుంది. ఊళ్ళో వాళ్ళ బట్టలు అట్లా కొట్టి పెట్టడమే ఆమె బతుకు. అసలైతే ఆ పని ఇద్దరిది. రాయికి అటొకరు ఇటొకరు కూచుని నాలుగు కర్రల్తో వంతులవారీగా కొడితే ఆ చప్పుడులో పక్కింటి తగువు కూడా వినపడదు. రాయికి అవతలివైపు రెండు కర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. అవి దల్లెవి.

గాంగ్వా ముసలమ్మ ఒక కర్ర మీద చెయ్యి వేసింది. "ఒక్కదానివే ఎందుకే నడుం విరగ్గొట్టుకుంటావు, నేనూ..."

"అవి ముట్టుకోకక్కా."

ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అందరూ వెళ్ళాక యాంజమ్మ మళ్ళీ పత్రిక తీసి, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగింది. ఇటుకల మధ్య మాటకీ మాటకీ ఖాళీ అలాగే ఉంది. ఖాళీని మాత్రం ఎవరూ తలకిందులు చెయ్యలేరు కదా. బాంనెగోల్ అని రాయాలంటే తమ లిపిలో మూడక్షరాలు. ఆమె మూడేసి ఇటుకలున్న చోట్లు వెతికింది. రెండు దొరికాయి. మొదటిదాని మీద వేలు పెట్టి, ఒక్కో ఇటుక మీద ఒక్కో అక్షరం ఆనించి పలికింది. సరిపోయింది. రెండోదాని మీదా పలికింది. అదీ సరిపోయింది.

హక్‌సు చీకటి పడే వేళకి వచ్చాడు. తల్లి తలుపు సందులోంచి అడుగుల చప్పుడు వింటూనే ఉంది. అడుగులు మామూలుగానే ఉన్నాయి, కుంటడం లేదు, వెనక ఇంకెవరి అడుగులూ లేవు. అప్పుడు పోయి పులుసు గిన్నె పొయ్యి మీదినుంచి దించింది.

అతను గడప దగ్గర కూచుని చేతులు కడుక్కున్నాడు. బూడిద పెట్టి రుద్దినా సీసం నలుపు గోళ్ళ చుట్టూ అట్లాగే ఉంటుంది. బార్లీ అన్నం, ఎండు ముల్లంగాకు పులుసు, నిరుటి కిమ్చి పచ్చడి అడుగూబొడుగూ. తింటున్నంతసేపూ ఆమె ఎదురుగా కూచుని అతని మొహమే చూసింది.

"చుంగ్‌చాంగ్ వార్త ఒకటుంది ఇవాళ," అంది.

"ఊఁ."

"అంతా ఇటుకలే."

"ఈ మధ్య అన్నీ అంతేగా."

"దాన్లో ఏముందిరా?"

హక్‌సు పులుసులోకి చూస్తూ చెవి తమ్మె రుద్దుకున్నాడు. "నేనేమన్నా చదువుతానా అమ్మా? ఏరతాను. రాసిన కాగితం చూస్తూ అక్షరం తరవాత అక్షరం ఏరి పళ్ళెంలో పెట్టడమే. బియ్యంలో రాళ్ళేరేటప్పుడు నువ్వు గింజ గింజనీ పలకరిస్తావా?"

"ఊరి పేరు కూడా కంట్లో పడలేదా?"

"లేదన్నానుగా."

చెవి తమ్మె ఎర్రబడింది. చిన్నప్పుడు తేనె జాడీ మూత తీసిన రోజూ అంతే రుద్దుకున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకపోవడానికీ ఒక కారణం ఉంది. ఈ పనిలో చేరిన రోజు వాడి చెయ్యి పట్టుకుని తనే చెప్పింది, "ఏరమన్నవి ఏరు. తిప్పమన్నవి తిప్పు. నీ బుర్రలోకి ఏదీ ఎక్కించుకోకు నాయనా. తెలిసినవాణ్ణే తీసుకుపోతారు." వాడు తల్లి మాట విన్నాడంటే సంతోషించాలి. విన్నానని అబద్ధమాడుతున్నాడంటే అంతకంటే ఎక్కువ భయపడాలి. ఆమెకి రెండూ చేతకాలేదు. గిన్నెలు తీసింది.

మర్నాడు పొద్దున మొదటి మంచు పడింది. పెరట్లో జాడీల మూతలు తెల్లబడ్డాయి. హక్‌సు దూది చొక్కా వేసుకోకుండానే పనికి పోయాడు. మధ్యాహ్నం దాకా యాంజమ్మ ఆ చొక్కాని చూస్తూ కూచుంది. దగ్గు, దగ్గు తరవాత జ్వరం, జ్వరం తరవాత రక్తం, అన్నీ వరసగా కళ్ళముందు కదిలాయి. ఆఖరికి చొక్కా మూటగట్టుకుని, తలమీద ముసుగు వేసుకుని బయల్దేరింది. చొక్కా ఒక్కటే అయితే సాయంత్రం దాకా ఆగేదే.

దారంతా కిమ్చి పెట్టుకునే రోజుల హడావిడి. క్యాబేజీల బళ్ళు వీధికి అడ్డంగా నిలబడ్డాయి. కొండల్లోంచి కుండలవాళ్ళు దిగారు. వీపున కట్టిన కొయ్యచట్రాల మీద మనిషెత్తు దొంతరలుగా జాడీలు మోసుకుంటూ, "జాడీలమ్మా, పగుల్లేని జాడీలు!" అని అరుస్తూ పోతున్నారు. ఆమె వాళ్ళని చూడలేదు. పక్కకి తప్పుకుంటూ నడిచింది.

అచ్చాఫీసు ముందువైపు టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అటు పోవడానికి కాళ్ళు రాలేదు. వెనకసందులోకి తిరిగింది. అక్కడ కిటికీ కాగితం ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగుకి కన్ను ఆనించింది.

లోపల ఏటవాలు చెక్కల మీద అక్షరాల గళ్ళు, గోడ పొడుగునా. మధ్యలో రాతిబల్ల. బల్ల మీద దారంతో బిగించి కట్టిన సీసపు అక్షరాల పేజీ. దాని పక్కన ఒక కాగితం పరిచి ఉంది. ఆ కాగితం మీద ఎర్రగీతలు ఇంత దూరానికి కూడా కనిపిస్తున్నాయి. సర్కారు పరిశీలకుడి గదినుంచి అప్పుడే వచ్చినట్టుంది.

"ఇవాళ ఎన్ని వరసలు?" అన్నాడు మేస్త్రీ.

"ఎనిమిది దాకా ఉన్నాయండి."

"మళ్ళీ కూర్చే టైము లేదు. తిప్పెయ్. మిషను కాచుకుని ఉంది."

హక్‌సు బల్ల మీదికి వంగాడు. కుడిచేతిలో మొన తేలిన ఆర, దబ్బనం లాంటిది. దారం వదులు చేసి, ఆర మొనతో ఒక అక్షరాన్ని పక్కనుంచి గుచ్చి పైకి లేపి, వేళ్ళతో పట్టుకుని తలకిందులు చేసి మళ్ళీ అదే గుంటలో దింపి, బొటనవేలితో అదిమాడు. తరవాతది. ఆ తరవాతది. ఒక వరస అయ్యాక చెక్కదిమ్మ పెట్టి సుత్తితో మెల్లిగా తట్టాడు, ఎత్తుపల్లాలు లేకుండా. పని బాగా తెలిసినవాడి చెయ్యి. తన కొడుకు ఇంత శుభ్రంగా పనిచేస్తాడని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. చేస్తున్న పని చూసి సంతోషించేట్టు లేదు, చేస్తున్న తీరు చూసి కోప్పడేట్టూ లేదు.

అప్పుడు చూసింది. వాడి పెదాలు కదులుతున్నాయి.

అక్షరం లేపినప్పుడల్లా కదులుతున్నాయి. వరస చివరికొచ్చేసరికి ఒక క్షణం ఆగుతున్నాయి. గుడిలో మంత్రం చదివే సన్యాసి పెదాల్లా చప్పుడు లేకుండా. మేస్త్రీ అటు తిరిగినప్పుడు ఆగిపోయి, ఇటు తిరిగాక మళ్ళీ మొదలవుతున్నాయి.

యాంజమ్మ గోడకి చేరగిలబడింది. మూట గుండెకి హత్తుకుని, అతను పని ముగించి బయటికొచ్చేదాకా అట్లాగే నిలబడింది.

తల్లిని సందులో చూసి హక్‌సు కంగారు పడ్డాడు. "ఏమైంది? ఎవరన్నా వచ్చారా ఇంటికి?"

"చొక్కా మర్చిపోయావు."

అతను చొక్కా తొడుక్కున్నాడు. కాలువ గట్టు వెంబడి నడిచారు. నీళ్ళ దగ్గర ఇద్దరాడవాళ్ళు చలికి చేతులు నోటితో ఊదుకుంటూ ఇంకా బట్టలుతుకుతున్నారు. వాళ్ళని దాటేదాకా ఆమె మాట్లాడలేదు.

"నీ పెదాలు కదుల్తున్నాయి."

"ఎప్పుడు?"

"తిప్పుతున్నప్పుడు."

"చలికేమో."

"చలికి వణికే పెదాలు నీ చిన్నప్పుడు చాలా చూశాను. ఇవి చదివే పెదాలు."

హక్‌సు గట్టు మీది రాయిని కాలితో నీళ్ళలోకి తోశాడు. అది పడ్డ చప్పుడు అయ్యాక అన్నాడు, "తిప్పేముందు ఒక్కసారి చదువుతానమ్మా. ఎవడో కొండలన్నీ తిరిగి తెలుసుకుని రాశాడు. ఇంకెవరూ చదవరు. నేనన్నా చదవాలి కదా అని."

"నిన్నటి పత్రికలోది చెప్పు."

"అమ్మా..."

"అన్నీ గుర్తున్నాయిగా నీకు. చెప్పు."

"చెప్తే నువ్వు తినవు, పడుకోవు. చెప్పులు తొడుక్కుని ఆ కొండల్లోకి నడిచి పోతావు."

"చెప్పకపోతే తింటున్నానా?"

అతను ఆమె మొహం చూశాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. కాలువ వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"చుంగ్‌చాంగ్ కొండసీమ నుంచి. తిరుగుబాటుదార్లకి అన్నం పెట్టారన్న అనుమానం మీద సైనికులు బాంనెగోల్ అనే ఊరికి నిప్పు పెట్టారు. ఒక్క ఇల్లూ మిగల్లేదు. మగవాళ్ళు చాలామంది పోయారు. బతికిన ఆడవాళ్ళూ పిల్లలూ కొండ దాటి కుండల బట్టీల దగ్గర తలదాచుకున్నారు. ఒంటిమీది గుడ్డ తప్ప వాళ్ళకేమీ లేదు. దయగలవాళ్ళు పాత దూది బట్టలైనా సరే పంపాలి, చలి ముదరకముందే."

యాంజమ్మ గట్టు మీద కూచుండిపోయింది. హక్‌సు గభాలున భుజం పట్టుకున్నాడు. ఆమె ఏడవడం లేదు.

"అంతేనా?" అంది.

"అంతే. అంతకంటే ఏం కావాలి?"

"దాచుకున్నదేమన్నా ఉందా?"

"ఒట్టు. ఇంకో అక్షరం లేదు. బావ సంగతి తెలీదు. అక్క సంగతీ తెలీదు."

"బట్టీల దగ్గర ఉన్నారని రాశారు కదూ. ఆడవాళ్ళు ఉన్నారని."

"రాశారు."

ఆమె ముసుగు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒరే, ఆ ఇటుకల కింద నేనేం చదువుకున్నానో తెలుసా నీకు? రోజూ వేలు పెట్టి దాని శవాన్ని చదువుకున్నాను. ఒకరోజు కాల్చారని, ఒకరోజు నూతిలో దూకిందని. కడుపుతో ఉందేమోనని కూడా అనుకున్నాను. నువ్వు దాచింది నేను చదువుకున్న దానికంటే చిన్నదిరా. నీ భయం నాకు తెలుసు. నా భయం ఎంత పెద్దదో నీకు తెలీదు, అంతే."

హక్‌సు ఆమె పక్కన కూచున్నాడు. 

"ఇంకోసారి చెప్పు," అంది.

చెప్పాడు. ఆమె కూడా పెదాలు కదిపింది. ఇంకోసారి చెప్పించుకుంది. నాలుగోసారి వాడికంటే ముందే తనే చెప్పింది, ఎక్కడా తప్పు లేదు.

"ఇది నీ దగ్గరే ఉండాలమ్మా," అన్నాడు లేస్తూ. "దాన్ని ఏరింది నేను. తిప్పింది నేను. ఎవరి నోటినుంచి బయట వినపడినా తిన్నగా నా దగ్గరికే వస్తారు. ముఖ్యంగా ఆ పోలీసాయన పెళ్ళాం..."

యాంజమ్మ సరేనని అనలేదు. కాదనీ అనలేదు. వాడు మాత్రం సరేనన్నట్టే తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, "జాడీలమ్మా!" అన్న అరుపు వినపడగానే చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. కుండలవాడు కొయ్యచట్రాన్ని కర్రతో నిలబెట్టి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"ఏ కొండల వైపు మీ బట్టీలు?"

వాడు చెప్పాడు. ఆమె ఒక జాడీ తీసుకుని, వేలితో తట్టి చూస్తూ, జాడీ గురించి అడుగుతున్నట్టే అడిగింది, "మీ దగ్గరికి బయటి ఊరి ఆడవాళ్ళెవరన్నా వచ్చారా?"

కుండలవాడు వీధి రెండు వైపులా చూశాడు. "జాడీ కొంటావా అమ్మా?"

"కొంటాను."

"ఉన్నారు. బట్టీ కాల్చినప్పుడు వెచ్చగా ఉంటుందని దాని చుట్టూనే పడుకుంటారు. కాల్పు లేని రోజుల్లో పిల్లల ఏడుపు వినలేం."

"దల్లె అని ఒక పిల్ల... ఎడమ కనుబొమ్మ మీద మచ్చ..."

"పేర్లు అడగలేదమ్మా. అడిగినా ఎవరూ చెప్పరు. మొహాలన్నీ మసే." జాడీ దించి ఇచ్చాడు. "రేపు ఖాళీ చట్రంతో కొండెక్కుతాను. ఏమన్నా ఇస్తే మోస్తాను. నువ్వొక్కదానివి ఇస్తే ఒక పిల్లకి వస్తుంది. అక్కడ చాలామంది ఉన్నారు మరి."

ఇంట్లో ఉన్న దూది బట్టలన్నీ తీసింది. తన పైచొక్కా, దల్లె పెళ్ళికి ముందు వేసుకున్న లంగా, చనిపోయిన భర్త మేజోళ్ళు. చిన్న మూటైంది. దాని పక్కన కూచుని చాలాసేపు లేవలేదు. తర్వాత పీట కింద చెయ్యి పెట్టి పాత పత్రిక తీసింది.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. గాంగ్వా ముసలమ్మ, కింద పొయ్యి సెగ పారే నేల ఎక్కడ వేడిగా ఉందో అరచేత్తో వెతుక్కుని అక్కడ చతికిలబడింది. పాజు పిల్ల ఎప్పట్లాగే గుమ్మం పక్కన. యాంజమ్మ ఆ పిల్లని చూసి, చూపు తిప్పుకుంది. వెళ్ళిపొమ్మని ఒక్క మాట అంటే బావుండు. తల నొప్పిగా ఉందని చెప్పి అందర్నీ పంపించేస్తే బావుండు. హక్‌సు చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టడం, నెత్తిమీది జుట్టుముడి ఊడి మొహం మీద పడటం, వీధి మొగలో వాడు వెనక్కి తిరిగి చూడటం, అన్నీ కనిపించాయి. బట్టీ చల్లారాక దాన్ని ఆనుకుని పడుకున్న దల్లె కూడా కనిపించింది.

"ఇది మొన్నటిది కాదూ?" అంది గాంగ్వా ముసలమ్మ. చదువు రాకపోయినా కాగితం మీది పులుసు మరక గుర్తుపట్టింది. "మళ్ళీ అదే ఎందుకే?"

"మొన్న సరిగ్గా చదవలేదక్కా."

కాగితం మోకాళ్ళ మీద పరిచింది. వేలు పెట్టింది. "చుంగ్‌చాంగ్ కొండసీమ నుంచి," అని చదివింది. వేలు మొదటి ఇటుక మీదికి జారింది. గొంతు ఆగలేదు.

"తిరుగుబాటుదార్లకి అన్నం పెట్టారన్న అనుమానం మీద సైనికులు బాంనెగోల్ అనే ఊరికి నిప్పు పెట్టారు."

"ఆగాగు," అంది గాంగ్వా ముసలమ్మ. ముందుకు వంగి కాగితంలోకి చూసింది. "అక్కడ నలుపు కదే?"

"నలుపే."

 ఒకామె చేతిలోని గిన్నె నేలమీద పెట్టింది, చప్పుడు కాకుండా. అందరి కళ్ళూ ముందు యాంజమ్మ మీదికి, తర్వాత మెల్లిగా గుమ్మం వైపుకి తిరిగాయి.

పాజు పిల్ల లేచి నిలబడింది.

మొహంలో రక్తం లేదు. లంగా సర్దుకుని తలుపు తీసింది. చల్లగాలి లోపలికొచ్చి కాగితం అంచు లేపింది. యాంజమ్మ ఆ అంచుని అరచేత్తో అదిమి పట్టుకుంది. అయిపోయింది అనుకుంది. ఇన్నేళ్ళూ రోజుకి పదిసార్లు అనుకున్న మాటే గానీ, ఇప్పుడు మొదటిసారి అనుకున్నట్టు అనిపించింది. ఈసారి ఆ కీడుని ఇంటికి పిలిచింది తనే.

పాజు పిల్ల తల బయట పెట్టి వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. తలుపు మూసింది. గొళ్ళెం పెట్టింది. తిరిగి తన చోటికి పోలేదు. ఆడవాళ్ళ మధ్యనుంచి నడిచి వచ్చి, బట్టల రాయికి అవతలివైపు మోకాళ్ళ మీద కూచుంది. గోడకి ఆనించిన రెండు కర్రలూ చేతుల్లోకి తీసుకుంది.

"అవి..." అంది గాంగ్వా ముసలమ్మ, అని ఊరుకుంది.

"గొంతు వీధిలోకి వినపడుతోందత్తా," అంది పాజు పిల్ల. కళ్ళెత్తలేదు. "మా ఆయన్ని కూడా ఆ కొండల్లోకే తీసుకుపోయారు. సైనికులకి దారి చూపించమని. ఏం చూపించాడో, ఉన్నాడో లేడో నాకెవరూ చెప్పరు. నేను రోజూ అందుకే వస్తున్నాను."

 యాంజమ్మ ఆ చేతులు చూసింది. పగిలి, కీళ్ళ దగ్గర ఎర్రబడ్డ చేతులు. ఆ చేతులు వండిన అన్నం తిన్నవాడే దల్లె ఊరికి దారి చూపించి ఉంటాడు. ఆ చేతుల్లో ఉన్నవి దల్లె కర్రలు. లాగేసుకోవాలనిపించింది. చెయ్యి లేచింది కూడా.

లేచిన చేత్తో, సగం కొట్టి వదిలిన బట్టమడత తీసి రాతి మీద, ఆ పిల్ల ముందు పెట్టింది.

"వాళ్ళ గురించి ఇందులో లేదమ్మా," అంది. "దారి చూపించినవాళ్ళ గురించి రాయలేదు."

పాజు పిల్ల తలూపింది. పెదవి కొరుక్కుంది. కర్ర ఎత్తింది.

మొదటి దెబ్బ వంకరగా పడింది. రెండోది తిన్నగా పడింది. తర్వాత రెండు చేతులూ వంతు కుదుర్చుకున్నాయి, ఆ చప్పుడు గది నిండా, గోడల మీదా, మూసిన తలుపు మీదా పరుచుకుంది. గాంగ్వా ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు జరిగింది. మిగతావాళ్ళూ జరిగారు. తలలన్నీ కాగితం మీదికి వచ్చాయి.

యాంజమ్మ వేలు తరవాతి ఇటుక మీద పెట్టింది.

"ఒక్క ఇల్లూ మిగల్లేదు," అని చదివింది. "మగవాళ్ళు చాలామంది పోయారు. బతికిన ఆడవాళ్ళూ పిల్లలూ..."